గుండె బొమ్మకు సున్నా

పిల్లలు ఆయన్ని ‘టూ ఇన్ వన్ సారు’ అనేవారు, ఎదురుగా కాదు లెండి. ఆ కాథలిక్ హైస్కూల్లో సోషల్ చెప్పే ఆవిడ ఉద్యోగం మానేశాక, సైన్సు చెప్పే ఈయన నెత్తినే సోషలూ పడింది. ఒక్క ఏడాదే అన్నారు, తొమ్మిదేళ్ళయింది. మూడో పీరియడ్‌లో మ్యాపు, నాలుగో పీరియడ్‌లో గుండె. గంట కొట్టగానే మేకుకు వేలాడే పటాన్ని చుట్టి మూలన నిలబెట్టేవారు. అదే గది, అదే నల్లబల్ల, దానిపైన అదే శిలువ.

చిక్కంతా అక్కడే. మ్యాపులో ఎడమ అంటే కాగితానికి ఎడమే. గుండె బొమ్మలో మాత్రం ఎడమ జఠరిక కాగితానికి కుడివైపు ఉంటుంది, ఆ గుండె మనకు ఎదురుగా నిలబడ్డ మనిషిది కాబట్టి. పటాలూ ఎప్పుడూ ఒకేలా లేవు. వెనకటికి కొందరు దక్షిణాన్ని పైకి పెట్టి గీశారు, వాళ్ళ ఓడలూ ఒడ్డుకు చేరాయి. పరీక్ష పేపరుకు ఆ సంగతులు పట్టవు. ఏటా పదిమందైనా గుండెను మ్యాపులా చదివి కుడి ఎడమలు తారుమారు చేసేవారు. తప్పులో సగం తనదేనని సారు నాలుగుకు రెండు మార్కులు వేసేవారు.

ఆ ఏడు తొమ్మిదో తరగతిలో ఆయన అక్క కూతురు ఉంది. తల్లీకూతుళ్ళు ఆయన ఇంట్లోనే ఉంటారు. సైన్సు తప్పితే తొమ్మిది మళ్ళీ చదవాలి, అది ఆ బడి నియమం. అందుకే ఏడాది పరీక్ష పేపర్లు చేతికి రాగానే ఆయన హెడ్మిస్ట్రెస్ దగ్గరికి వెళ్ళారు.

“మా మేనకోడలి పేపరు ఇంకెవరితోనైనా దిద్దించండి, సిస్టర్.”

“ఎవరితో? లెక్కల సారుకి కప్పకెన్ని కాళ్ళో కూడా అనుమానమే. మీరే దిద్దండి.”

“రేపెవరైనా వేలెత్తి చూపిస్తే?”

“చూపించే వీల్లేకుండా దిద్దండి.”

ఆ మాటను ఆయన ఇంటిదాకా మోసుకెళ్ళారు. మేనకోడలి పేపర్లో గుండె బొమ్మ తారుమారుగానే ఉంది. అప్పటికే పదకొండు మందికి రెండేసి వేసిన చెయ్యి అక్కడ ఆగిపోయింది. సున్నా చుట్టారు. కూడితే ముప్ఫైమూడు, పాసుకు ముప్ఫైఅయిదు కావాలి. ఎవరి పేపరైనా అంచున ఆగితే మళ్ళీ మొదట్నుంచీ వెతకడం ఆయనకు అలవాటు. ఈసారీ వెతికారు. అర మార్కు దొరికిన చోటల్లా భయపడి వదిలేశారు.

మార్కుల జాబితా బడిని నడిపే బిషప్ ఆఫీసుకు వెళ్ళింది. మర్నాడు పేపర్లు పిల్లలకిచ్చారు. సాయంత్రం మేనకోడలు స్నేహితురాలి పేపరు కూడా తెచ్చి, తన పేపరు పక్కన పరిచింది.

“మామయ్యా, రెండు బొమ్మలూ ఒకటే. దానికి రెండు, నాకు సున్నా. ఏంటి తేడా?”

ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు. ఈలోగా అక్క వంటింట్లోంచి వచ్చింది.

“ఊళ్ళో పిల్లలందరికీ పంచే చెయ్యికి, మన పిల్ల దగ్గరికొచ్చేసరికి పక్షవాతం వచ్చిందేంట్రా?”

“అది కాదక్కా...”

“ఏది కాదు? చెప్పు, వింటాను.”

ఆయన రెండు పేపర్లూ మడిచి సంచిలో పెట్టుకున్నారు.

పొద్దున్నే రెండు పేపర్లూ పట్టుకుని హెడ్మిస్ట్రెస్ ముందు నిలబడ్డారు. ఆమె రెంటినీ పక్కపక్కన పెట్టి చూసింది.

“ఈ రెండు మార్కులూ రావలసినవే. కానీ జాబితా వెళ్ళిపోయిందిగా, సార్. ఇప్పుడు మార్చమంటే ఎవరికోసమని అడుగుతారు.”

“తప్పు నాదని రాయండి.”

“ఇన్నేళ్ళుగా జరగని తప్పు మేనకోడలి దగ్గరే ఎలా జరిగిందంటారు.”

అయినా బిషప్ ఆఫీసుకు ఉత్తరం రాసింది. వేలెత్తి చూపే వీల్లేకుండా దిద్దమన్నది తనేనని అందులో ఒప్పుకుంది కూడా. నాలుగో రోజున ఒక్క వాక్యం జవాబుగా వచ్చింది: టీచర్ల బంధువుల మార్కుల్లో మార్పులు కుదరవు.

ఆ సాయంత్రం ఆయన మేనకోడల్ని కూర్చోబెట్టి చెప్పారు. “నీకు రావలసినవే, తల్లీ. నేనే వెయ్యలేదు.”

“అయితే ఇప్పుడెయ్యి,” అంటూ ఆ పిల్ల ఎర్ర పెన్ను అందించింది.

ఆయన సున్నా కొట్టేసి రెండు వేశారు. కింద ముప్ఫైఅయిదు చేసి, పక్కన పొడి సంతకం పెట్టారు. అంతా పద్ధతిగా, రోజూ దిద్దినట్టే. పిల్ల ఆ పేపరు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది.

“అమ్మా, పాసయ్యాను.”

“సంతోషం. పుస్తకాల అట్టలు చింపకు. వచ్చే ఏడూ అవే,” అంది తల్లి.