గార్డు విప్పని ముడి

మీకిప్పుడు ఒక మహాకావ్యం చెప్పబోతున్నాను. అశ్వాలు, నమ్మకద్రోహం, రాజ్యబహిష్కారం అన్నీ ఉన్నాయి. కాకపోతే అశ్వాలు రెండే, అవీ పెళ్లిళ్లకు అద్దెకు తిరిగేవి. బహిష్కారం జరిగింది ఒక కంచర గాడిదకు. కాబట్టి కావ్యం మాట వదిలేద్దాం. ద్రోహం మాత్రం అసలుసిసలుది. నాదే. కాలేజీ రోజుల నుంచి మోస్తున్నాను.

పక్కింటి సింహాచలం మావయ్యది శ్రీకాకుళం వైపు. మేముండే రాయపూర్లో పెళ్లికొడుకు గుర్రమెక్కాల్సిందే. ఆ సరదా మన రైల్వే తెలుగువాళ్లకీ అంటుకుంది. అలా మావయ్య రెండు తెల్ల గుర్రాలు కొన్నాడు. లైట్ల జనరేటర్ బండి లాగడానికి కంచర గాడిదను తెచ్చాడు. రైలు చివరి పెట్టెలో గార్డులా ఊరేగింపు చివర నడుస్తుంది గనక దాన్ని గార్డు అనేవాళ్లం. లైట్ల వైర్లన్నీ ఆ బండికే ఉండేవి. అది ఆగితే బ్యాండు, పెళ్లికొడుకు, చిందులేసే బాబాయిలు అందరూ ఆగాల్సిందే. తరచూ ఆగేది. ఎందుకంటే, ఆగగలదు గనక. అంత అధికారం చేతిలో ఉండి అంత నిర్లిప్తంగా ఉన్న జీవిని నేను మళ్లీ చూడలేదు.

పై పెదవితో కొట్టం గడియ కూడా తీసేది. తనదే కాదు, గుర్రాలది కూడా. అందుకే గడియ వేశాక దానిమీద తాడు చుట్టి ముడి వెయ్యాలని మావయ్య కట్టడి.

ఒక మధ్యాహ్నం మావయ్య తవుడు తేవడానికి వెళ్తూ నన్ను కాస్త చూడమన్నాడు. స్నేహితులొచ్చారు. గార్డు విద్య చూపించడానికి తాడు విప్పాను. అది మమ్మల్ని నిరాశపరచలేదు. గడియ మళ్లీ వేసి, తాడు కట్టకుండా టీకి వెళ్లాను. మరిచిపోయానా? బద్ధకించానా? మరిచిపోయానని చాలా ఏళ్లు నమ్మాను, అదే వినడానికి బాగుంటుంది గనక.

తిరిగొచ్చేసరికి చిన్న గుర్రం రోడ్డు మీద జారిపడి కాలు బెణికించుకుంది. గార్డు దానికి అడ్డంగా నిలబడింది. లారీలు హారన్ కొడుతున్నా చెవి కూడా కదపలేదు.

మావయ్య వచ్చి గుర్రాన్ని చూశాడు, తర్వాత నన్ను.

"డోరీ కట్టినావేట్రా?"

"కట్టాను మావయ్యా."

"పక్కా?"

"పక్కా."

ఆయన గార్డు వైపు తిరిగాడు. "అయితే ముడి ఇప్పడం కూడా నేర్చీసిందన్నమాట దొంగముండ. మా ఆవిడికే రాదు నా ముడి ఇప్పడం." గొంతులో గర్వం కూడా ఉంది. "ఇంక దీన్ని ఉంచుకోలేన్రా."

తిల్దా దగ్గర ఇటుక బట్టీకి అమ్మేశాడు. ఎక్కించడానికి వచ్చిన బండి దగ్గర కూడా గార్డు ఆగింది. అప్పుడైనా నేను నోరు తెరవచ్చు. తెరవలేదు.

ముడి విప్పే గాడిద కథ మావయ్య ఇప్పటికీ ఎవరొచ్చినా చెప్తాడు. నిజం చెబితే, చెయ్యని తప్పుకు దాన్ని అమ్ముకున్నానని ఆయన కుమిలిపోతాడని, అందుకే ఊరుకున్నానని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. ఎంత దయగల మనిషినో. నిజానికి భయం, అంతే. లారీల ముందు కదలని జంతువు మీదికి, ఒక్క ప్రశ్నకే వణికినవాడు నేరం నెట్టాడు.

ఆయనకు ఇంకా చెప్పలేదు. మీకు చెప్పాను. కాస్త తేలిగ్గానే ఉంది.

పోయిన వారం గార్డును వెతుక్కుంటూ తిల్దా వెళ్లాను. బట్టీ మూసి ఉంది. వానాకాలంలో ఇటుక బట్టీలు మూసేస్తారట.