ఈ రోజే ఆఖరు అన్న బ్యానర్

ఈ రోజు మార్కాపురంలో ఒక దుకాణం ముందు "రాష్ట్ర అవతరణ దినం ఆఫర్, ఈ రోజే ఆఖరు" అన్న బ్యానర్ చూసి ఆగిపోయాను. ఇంట్లో మిక్సీ బాగానే తిరుగుతోంది. అయినా లోపలికెళ్లి ఎర్రటి కొత్త మిక్సీ మీద చెయ్యి వేశాను. పక్కనే మా మేనత్త ఉంది. కొమరోలు దగ్గర గొర్రెలు మేపుతుంది.

"ఈ పొద్దు దాటితే ఈ రేటుకు దొరకదక్కా," అన్నాడు సేల్స్‌మన్.

అత్త అతన్ని ఎగాదిగా చూసింది. "కొత్త గొర్రెను తెస్తే మేం నేరుగా మందలో కలపం నాయనా. నాలుగు దినాలు విడిగా కట్టేసి, దగ్గుతాదేమో చూస్తాం. ఈ పొద్దే తోలుకపొమ్మని తొందరపెట్టేటోని కాడ అసలే కొనం. రేపటికి అది పడిపోతాదని వానికి తెలుసు."

నాకు తల కొట్టేసినట్టయింది. సణుక్కుంటూ బయటికొచ్చాను. అత్త మాత్రం బ్యానర్ అంచు పట్టుకుని తిప్పి చూసింది.

"ఏంది పాపా, ఒక్క దినం ఎండకే ఇట్ల వెలిసిపోయిందా ఇది?"

అప్పుడు చూశాను. ఎర్రగా ఉండాల్సిన అక్షరాలు లేత గులాబీ రంగుకు తిరిగి ఉన్నాయి.

మిక్సీ మీద ఆశ ఇంకా చావలేదు. దాన్ని కొత్త గొర్రెలా విడిగా కట్టేసి ఉంచాను. మీ ఊళ్లో ఆఖరి రోజు ఎన్నాళ్లుగా నడుస్తోందో కాస్త చెప్పండి.