మెట్ల మీది ఇంగ్లీషు

అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షలు రాసే పిల్లలకు ఇంగ్లీషు చెప్పడం నా ఉద్యోగం. పర్యాయపదాల క్లాసులో కొన్ని రోజులపాటు అన్నీ తిట్లే ఉంటాయి. మనుషులను తిట్టేవి కావు. బొమ్మను, పాటను, కథను, గోడకు వేసిన రంగును తిట్టేవి. గాడీ, గారిష్, టాడ్రీ, ట్రైట్, ఇన్‌సిపిడ్, మాడ్లిన్. ఒక్కోదానికి ఉదాహరణ వెతకడం నాకు సరదా. ఇన్‌సిపిడ్ అంటే మీ హాస్టల్ సాంబారు అంటే చాలు, క్లాసంతా నవ్వుతూ రాసుకుంటుంది. గారిష్‌కి ఫంక్షన్ హాలు స్టేజీ సరిపోతుంది. మాడ్లిన్ దగ్గర మాత్రం కాస్త ఆగి, నలుగురూ చూడాలని ఏడ్చే ఏడుపు అని చెబుతాను.

"ఇన్నెందుకు మేడం? మా దిక్కు మంచిగలేదు అంటం, అయిపాయె," అంది ఒకమ్మాయి.

పరీక్షలో ఆ ఆప్షన్ ఇవ్వరమ్మా అన్నాను. నిజానికి ఆ పాటి మాట అనే ధైర్యం మా కవుల్లో ఎవరికీ లేదు.

మేం కొద్దిమందిమి నెలకోసారి చిక్కడపల్లిలో ఒక మేడమీది హాల్లో చేరి కవితలు చదువుకుంటాం. అక్కడొక పద్ధతి ఉంది. చదివినవాళ్ళకు శాలువా కప్పుతారు. కప్పినవాళ్ళు మెచ్చుకోవాలి. ఈ నెల నన్ను మెచ్చుకున్నాయనను ఇంకో నెల నేను మెచ్చుకోవాలి, పెళ్ళిళ్ళలో చదివింపుల్లాగా. వేదిక మీద చెడ్డమాట వినబడదు. అది మెట్లు దిగేటప్పుడు, కారప్పూస పొట్లం చేతిలో ఉండగా, ఇంగ్లీషులో వస్తుంది. ఆ విషయంలో నేనూ తక్కువ తినలేదు.

ఒక నెల నా వంతు వచ్చింది. అమ్మ పోయి ఏడాది కావస్తోంది. ఆమె మీద రాసిన కవితలన్నీ పుస్తకంగా వేసి సంవత్సరీకం రోజున బంధువులకు పంచాలని నా కోరిక. నారాయణగూడలో ప్రెస్సుకు మాట ఇచ్చాను. అట్ట మీదికి బొమ్మ కూడా ఎంచుకున్నాను, దీపం చుట్టూ రెండు చేతులు. హాల్లో కొన్ని కవితలు చదివితే ముందు వరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. బర్కత్‌పురలో ఉండే రిటైర్డ్ లెక్చరర్ గారు, ఒకప్పుడు మా పొరుగాయన, నాకు శాలువా కప్పి, అమ్మతనానికి అక్షరరూపం అన్నారు. నేను పొంగిపోయాను.

తర్వాత మెట్లు దిగుతుంటే ఆయన నాకు ముందు నడుస్తూ పక్కాయనతో అన్నారు: "మాడ్లిన్. కంప్లీట్లీ మాడ్లిన్."

గోడకు ఆనుకుని ఆగిపోయాను. మొదట, ఉచ్చారణ బాగుందే అనుకున్నాను, పాడు అలవాటు. తర్వాత కోపం వచ్చింది. దాన్ని ఇంట్లో గిన్నెల మీద చూపించాను. వేరే పదం అని ఉంటే సర్దుకునేదాన్నేమో. దీని అర్థం చెప్పి జీతం తీసుకునేదాన్ని నేనే కదా. పుస్తకం వెయ్యాలా మానాలా తేల్చుకోలేక, ప్రెస్ నుంచి ఫోన్ వస్తే ఎత్తలేక, చివరికి ఒక ఆదివారం ఆయన ఇంటికే వెళ్ళాను.

టీ వచ్చేదాకా కూడా ఆగలేదు. "సార్, మెట్ల మీద మీరన్నది విన్నాను. అదే తెలుగులో చెప్పండి. చెబితే పుస్తకం ఆపేస్తాను," అన్నాను.

ఆయన ముఖం చిన్నబోయింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "తెలుగుల అనరాదమ్మా. ఇంగ్లీషులయితే ఎవరో వేరేటోళ్ళు అన్నట్టుంటది. తెలుగుల అంటే నేనే అన్నట్టయితది."

"మీరే అన్నారు కదా సార్."

"అన్న," అని ఒప్పుకున్నారు. లేచి ఫ్యాను తగ్గించి వచ్చి కూర్చున్నారు. "మీ అమ్మ నాకు ఎరుకే గదా. మా గల్లీలనే కిరాయికుండిన్రు మీరు. టెలిఫోన్ ఆఫీసుల డ్యూటీ చేసొచ్చేది. కూరగాయలాయనతోని కొట్లాడేది. సినిమాకు ఒక్కతే పోయేది. సార్, మీ ఉపన్యాసం జర తగ్గియ్యండి అని నా మొఖం మీదనే అన్నది. నీ కవితలల్ల అమ్మ దీపం పెడ్తది, అన్నం కలుపుతది, వాకిట్ల ఎదురుచూస్తది. ఆమె ఎవరమ్మా? మీ అమ్మ ఏడున్నది అండ్ల?"

మా అమ్మ ఎవరికోసమూ ఎదురుచూసిన మనిషి కాదు. నేను ఆలస్యంగా వస్తే తను తినేసి పడుకునేది. దీపం సంగతి సరేసరి, నాన్న ఉన్నన్నాళ్ళూ పూజగది ఆయనదే. టీవీలో ఎవరైనా తల్లిని తలుచుకుని ఏడిస్తే, "ఏడుపుగొట్టు గోల, కట్టెయ్యవే," అని కసిరేది. ఈ కవితలు వినిపించి ఉంటే మొదటిది పూర్తికాకముందే లేచి వెళ్ళిపోయేది. ఏడాదిగా నేను ఎవరో మహాతల్లి కోసం ఏడుస్తున్నాను. సిగ్గుగా అనిపించింది, దానికంటే ఎక్కువగా, అసలు అమ్మను అప్పుడే మరిచిపోయానేమోనని భయం వేసింది.

"వేదిక మీదే అనుంటే బాగుండేది సార్," అన్నాను.

"శాలువ చేతుల వెట్టుకొని ఎట్ల అనమంటవు?" అన్నారాయన. ఇద్దరం నవ్వాం.

ప్రెస్సుకు ఫోన్ చేసి వద్దన్నాను. సంవత్సరీకం రోజున పిన్ని అడిగింది, "అమ్మ మీద పుస్తకం వేస్తున్నానన్నావు, ఏదే?" అని.

"బాగా రాలేదు పిన్నీ," అన్నాను. అనడం పెద్ద కష్టమేమీ కాలేదు.

వడ్డనలు అయ్యాక వంటింట్లో ఒక్కదాన్నే, నేను చేసిన పాయసం రుచి చూశాను. తీపి ఎక్కువైంది. బంధువులందరూ బ్రహ్మాండంగా ఉందని రెండోసారి కూడా వేయించుకున్నారు. ఇదేం పాయసమే, పానకంలా ఉంది అనేందుకు ఇంట్లో ఎవరూ లేరు. అమ్మ పోయిందని ఏడాదిలో మొదటిసారి అప్పుడు తెలిసింది నాకు.