నీళ్లు ఆయ్ అనేదాకా

హైదరాబాదులో ఉద్యోగం మానేసిన రోజున మా మేనేజరు నాతో ఒక మాట అన్నాడు. "నువ్వు చేసేది యాప్ కాదు, వెబ్‌సైటుకి చొక్కా తొడగడం." ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆండ్రాయిడ్‌కి ఒకటి, ఐఫోనుకి ఒకటి అని రెండుసార్లు రాయకుండా, వెబ్‌సైటు కట్టే సరుకుతోనే ఒక్కసారి రాసి రెండు రకాల ఫోన్లలోనూ నడిపించడం నా పద్ధతి. ఉన్నది నేనొక్కదాన్ని, ఒకే కూర రెండు పొయ్యిల మీద ఎందుకు వండాలి? చొక్కా తొడిగితేనేం, పని జరిగితే చాలనుకుని, అమలాపురం వచ్చేసి మా మేడగదిలో కంప్యూటరు పెట్టుకున్నాను.

మొదటి యాప్ ఉప్పలగుప్తం దగ్గర మా బాబాయి గారి రొయ్యల చెరువుకి రాశాను. మబ్బు పట్టిన రోజున చెరువు నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. అప్పుడు ఏరియేటర్లు, అంటే నీళ్లని చిలికే చక్రాలు, వెంటనే తిప్పాలి. తిప్పకపోతే నెలల తరబడి మేత వేసి పెంచిన పంట ఒక్క పూటలో చచ్చి తేలుతుంది. అందుకని చెరువులో మీటరు పెట్టించి, ఆక్సిజన్ తగ్గగానే బాబాయి గారి ఫోను, ఆయన కొడుకు, అంటే మా తమ్ముడి ఫోను, చెరువు దగ్గర కాపలా ఉండే ఆయన ఫోను మూడూ మోగేలా చేశాను. ఎవరి ఫోనులో వాళ్లు బటన్ నొక్కితే ఆ ఫోను మోత ఆగుతుంది, నొక్కినట్టు నా ఫోనులో కనిపిస్తుంది.

ఆ బటన్ మీద ఏం రాయాలన్నది పెద్ద తర్జనభర్జన. 'ఓకే' పరాయిగా అనిపించింది. 'సరే' అంటే మా వైపు పెద్దవాళ్లకి కాస్త పెడసరంగా వినిపిస్తుంది. చివరికి, మా వైపు ఎవరేం చెప్పినా మర్యాదగా బదులు పలికే 'ఆయ్' అనే మాట రాశాను. బాబాయి గారు మురిసిపోయి, "అద్దీ! మన యాప్ అంటే ఇలా ఉండాలమ్మా" అంటూ పక్క చెరువుల వాళ్లందరికీ చూపించారు. వాళ్లూ పెట్టించుకుంటామన్నారు. కాకపోతే ముందు ఈ చెరువు సంగతి చూశాకేనట. అంటే బాబాయి గారి పంట చేతికొస్తేనే నాకు ఈ ఊళ్లో పని ఉంటుంది.

రొయ్యలు పట్టడానికి ఇంకెన్నో రోజులు లేవనగా రాజోలులో చుట్టాల పెళ్లి వచ్చింది. పొద్దున్నుంచీ మబ్బుగానే ఉంది. మధ్యాహ్నం పంక్తిలో కూర్చున్నాం, పనసపొట్టు కూర వడ్డిస్తున్నారు, ఎదురు వరసలో బాబాయి గారి ఫోనూ తమ్ముడి ఫోనూ మోగాయి. ఎడమచేత్తో నా ఫోను తీసి చూశాను. మూడు పేర్ల పక్కనా పచ్చ గుర్తులు పడ్డాయి, ముగ్గురూ ఆయ్ నొక్కారు. నాకు ఎంత గర్వమనిపించిందో చెప్పలేను. ఆ మేనేజరుని తీసుకొచ్చి నా పక్క ఆకు ముందు కూర్చోబెట్టాలనిపించింది. పనసపొట్టు కూర మళ్లీ వేయించుకున్నాను.

పులుసు వచ్చేసరికి మళ్లీ చూశాను. ఆక్సిజన్ ఇంకా దిగిపోయి ఉంది. చక్రాలు తిరుగుతుంటే అలా దిగదు.

"బాబాయి గారూ, ఏరియేటర్లు వేయించేరా?" అని ఎదురు వరసలోకి కేకేశాను.

"లేదమ్మా. తమ్ముడు చూసుకుంటాడు కదా."

ఆయన పక్కనే కూర్చున్న తమ్ముడు తలెత్తాడు. "నేనా? నాన్నగారు చూసేరు కదా అని ఊరుకున్నానక్కా."

"మరి ఇద్దరూ ఆయ్ నొక్కేరు కదండీ!"

"నొక్కేనమ్మా. నువ్వు చెప్పేవు, నేను విన్నాను. ఆయ్ అన్నాను."

పంక్తి లేవకుండా మధ్యలో లేవడం మా వైపు చిన్న తప్పు కాదు. లేచాను. చెయ్యి కూడా కడుక్కోకుండా కాపలా ఆయనకి ఫోన్ చేశాను.

"ఆయ్, చూసేనండీ అమ్మాయి గారూ. అయ్యగారు వెయ్యమంటే వేద్దామని కూర్చున్నానండీ."

"వెయ్యండి ముందు!" అని మేళం ఆగిపోయేంత గట్టిగా అరిచాను.

మేం చెరువు దగ్గరికి వెళ్లేసరికి చక్రాలు తిరుగుతున్నాయి. ఒక పక్క గట్టు వెంబడి చచ్చిన రొయ్యలు తేలి ఉన్నాయి. చాలా మటుకు బతికాయని కాపలా ఆయన వల విసిరి చూపించాడు. బాబాయి గారు గొంతుక్కూర్చుని ఒక రొయ్యని అరచేతిలోకి తీసుకుని చూశారు.

"ఈ యాప్ తీసేద్దామమ్మా," అన్నారు మెల్లగా. "ఇన్నాళ్లూ కళ్లతో చూసుకునే కదా చేసేం."

ఏడుపొచ్చింది. ఏడుపుకన్నా ముందు కోపం వచ్చింది, వాళ్ల మీద, నా మీద, ఆ మాట మీద. నేను పుట్టినప్పటి నుంచీ వింటూ పెరిగిన మాట అది. ఆయ్ అంటే విన్నానండీ అని. మీరంటే గౌరవమండీ అని. చేస్తానని ఎవరన్నారు? సంబంధం తెచ్చిన పెళ్లిళ్ల పేరయ్యకీ ఆయ్ అంటాం, అంతమాత్రాన ముహూర్తం పెట్టేసినట్టా? ముగ్గురూ నా యాప్‌కి మర్యాద చేశారు, అంతే.

"రేపు తీసేద్దురు గాని బాబాయి గారూ. ఈ పూటకి ఉంచండి," అన్నాను.

మేత బస్తాల మీద లాప్‌టాప్ పెట్టుకుని అక్కడే కూర్చున్నాను. నా చొక్కా పద్ధతి ఇక్కడ అక్కరకొచ్చింది. మార్చాల్సింది వెబ్ ముక్కే కాబట్టి ఒక్కసారి రాస్తే చాలు, కొత్త యాప్ దింపుకోమని ఎవరికీ చెప్పక్కర్లేదు. సాయంత్రం టీ వచ్చేలోపే తమ్ముడి ఐఫోనూ, మిగతా రెండు ఆండ్రాయిడ్లూ మారిపోయాయి. ఆయ్ బటన్ తీసెయ్యలేదు. దాన్ని నొక్కితే 'విన్నారు' అని మాత్రం పడుతుంది, మోత ఆగదు. 'వేశాను' అని వేరే బటన్ పెట్టాను. అది నొక్కినా మోత తగ్గుతుందే తప్ప ఆగదు. మీటరులో ఆక్సిజన్ పైకి లేస్తేనే ఆగుతుంది.

"ఇక మనుషులు ఆయ్ అంటే చాలదండీ. నీళ్లు అనాలి," అని చెప్పాను. బాబాయి గారు నవ్వలేదు. కాని మర్నాడు యాప్ తీసెయ్యమని అడగలేదు.

కొద్ది రోజులకే మళ్లీ మబ్బు పట్టింది. మేడగదిలో ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నాను. బాబాయి గారి పేరు పక్కన 'విన్నారు' అని పడింది. తర్వాత 'వేశాను' అని పడింది. ఇంతలో ఆయనే ఫోన్ చేశారు. వెనకాల చక్రాల హోరు, దానిలోంచి సన్నగా మోత వినిపిస్తున్నాయి.

"వేసేనే తల్లీ! ఇది నోరు ముయ్యదేంటి?"

"నీళ్లు ఇంకా అనలేదండీ."

ఇద్దరం ఫోను పెట్టెయ్యకుండా వింటూ ఉండిపోయాం. మోత ఆగింది, చక్రాల హోరు మిగిలింది. బాబాయి గారు గట్టిగా ఊపిరి వదిలారు.

"పక్క చెరువాయన ఇక్కడే ఉన్నాడమ్మా, అంతా చూసేడు. ఆయనకీ పెట్టాలంట," అన్నారు.

"ఆయ్," అన్నాను.

"ఆయ్ అంటే? విన్నావా, పెడతావా?"

"పెడతానండీ," అన్నాను. "ఇవాళే పెడతాను."