తడి తగలని రాయి

మా అన్నయ్యకు వేలిముద్రలు లేవు. ముప్పై ఒక్క ఏళ్ళు రాళ్ళను అరగదీస్తూ వేళ్ళను కూడా అరగదీసుకున్నాడు. ఆఫీసు గుమ్మం దగ్గర హాజరు మిషను ఆయన్ని గుర్తుపట్టనని రోజూ మొరాయిస్తుంది, వాచ్‌మన్ నవ్వుతూ రిజిస్టరు ముందుకు తోస్తాడు. ఆ రాళ్ళ పరిశోధనశాలలో అందరూ ఆయన్ని సానన్న అంటారు. నేను అక్కడే స్టోర్సు చూస్తాను.

ఆయన చేసే పని చెప్పడానికి తేలిక. రాతి ముక్కను గాజు పలకకు జిగురుతో అంటించి, గరుకు పొడి చల్లిన చక్రం మీద వెలుతురు దూరేంత పల్చగా అరగదీయాలి. వెంట్రుక మందంలో సగం కన్నా తక్కువ. నాలుగు తిప్పులు ఎక్కువైతే రాయి ఉండదు, గాజే మిగులుతుంది. అలా రాళ్ళను మాయం చేసిన ఘనులు చాలామంది ఉన్నారు. అన్నయ్య ఒక్కటి కూడా పోగొట్టలేదు. అందుకే చంద్రుడి రాయి ఆయన చేతికి వచ్చింది.

వచ్చినవి రెండు ముక్కలు, ఒక్కోటి కందిగింజంత. చంద్రుడి మీద మనకు మచ్చల్లా కనిపించే నల్లటి మైదానాల్లో ఒకదాని నుంచి తెచ్చినవి. ఆ మైదానం కథ అన్నయ్య నాకు భోజనం చేస్తూ చెప్పాడు. మొదట ఏదో పెద్ద బండ ఆకాశంలోంచి వచ్చి గుద్దితే ఒక దేశం పట్టేంత గొయ్యి పడిందట. లావా అప్పుడే రాలేదు. కోట్ల ఏళ్ళు గడిచాక, లోపల వేడికి కరిగిన రాయి గొయ్యి అడుగున బీటల్లోంచి పైకి వచ్చింది.

"చిక్కగా కాదే, నూనెలా పల్చగా వచ్చింది. వందల మైళ్ళు పారింది. ఒక పొర ఆరాక ఇంకో పొర. గొయ్యంతా నిండి చదునైపోయింది. ఆ బరువుకి మధ్యలో కుంగి, పైన దుప్పటిలా ముడతలు పడింది. ఇదంతా మూడువందల యాభై కోట్ల ఏళ్ళ కిందటి మాట" అన్నాడు. అన్నం మాత్రం తినలేదు, కెలుకుతూ కూర్చున్నాడు.

ఆ దిగులుకు కారణం ఉంది. మా పరిశోధనశాలలో శాస్త్రవేత్త, మా మేడమ్, నాలుగేళ్ళు ఉత్తరాలు రాసి ఆ ముక్కలు తెప్పించుకుంది. ఆమెకు తెలియాల్సింది ఒకటే: ఆ లావాలో నీటి అంశ ఉందా, లేదా. ఉన్నా అతి స్వల్పం. అందుకని ఇక్కడి తడి దానికి తగలకూడదు. నీళ్ళతో కాదు, స్పిరిట్‌తోనే అరగదీయాలి. ముప్పై ఒక్క ఏళ్ళుగా చక్రం తిరగగానే నీళ్ళ వైపు వెళ్ళే చెయ్యి అన్నయ్యది. రిటైర్మెంటు ఆరు నెలల్లో ఉంది.

వారం రోజులు ఆయనకు నిద్ర సరిగ్గా లేదు. అరగదీసే రోజు ఉదయం కుళాయికి టేపు చుట్టాడు. నీళ్ళ సీసాలన్నీ నా స్టోర్సులో పెట్టించాడు. నన్ను పక్కన స్టూలు మీద కూర్చోబెట్టాడు.

"నా చెయ్యి కుళాయి వైపు పోయిందంటే మొహమాటపడకు చెల్లీ, కొట్టు."

"ఇన్నాళ్ళకి అవకాశం ఇచ్చావు" అన్నాను. ఆయన నవ్వలేదు.

రెండు గంటలు పట్టింది. నేను ఆయన చేతినీ కుళాయినీ మార్చి మార్చి చూస్తూ కూర్చున్నాను. చెయ్యి ఒక్కసారి కూడా అటు పోలేదు. చివరికి పలకను గుడ్డతో తుడిచి వెలుతురుకు ఎత్తి పట్టాడు. బొటనవేలు నాలికకు రాసుకుని రాతి మీద ఒక్కసారి రుద్ది చూశాడు. "వచ్చేసింది" అన్నాడు.

నేను కూడా సంతోషించాను. అంత మొద్దుదాన్ని. ఏం చెయ్యను, ఆ పని ఆయన చెయ్యగా నేను వెయ్యిసార్లు చూశాను. తడిస్తే రాతిలో గింజలు తేటగా కనిపిస్తాయని రాళ్ళవాళ్ళందరికీ ఉన్న అలవాటే అది. వంటింటికి గ్రానైటు కొనడానికి వెళ్ళినప్పుడు కూడా కొట్లో ఉన్న పలకలన్నీ ఇలాగే రుద్ది వదిన చేత చీవాట్లు తిన్నాడు.

అన్నయ్య తన బొటనవేలు వంక చూసుకున్నాడు.

"చెల్లీ, నేనేం చేశాను?"

"తుడిచెయ్. స్పిరిట్‌తో గట్టిగా తుడిచెయ్. మనిద్దరం తప్ప చూసినవాళ్ళెవరున్నారు?"

ఆయన పలకను బల్ల మీద పెట్టి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఉన్నమాట చెబుతున్నాను, చంద్రుడు ఏ గంగలో కలిసినా నాకు పట్టలేదు. ఇన్నేళ్ళ ఆయన పేరు పోకూడదు, అంతే.

మేడమ్ వచ్చింది. పలకను మైక్రోస్కోపు కింద పెట్టి, "అబ్బ, ఎంత బాగా చేశారు సానన్నా" అంది. తెల్లటి గీతల గింజలున్నాయంటోంది, నల్లటి పుల్లల్లాంటివున్నాయంటోంది. నేను బల్ల కింద అన్నయ్య కాలు తొక్కాను. ఆయన కాలు వెనక్కి లాక్కున్నాడు.

"మేడమ్, అది ఎంగిలైంది."

ఆమెకు అర్థం కాలేదు. ఆయన బొటనవేలు చూపించాడు. జరిగింది చెప్పాడు. ఆమె మెల్లగా తల ఎత్తి నా వైపు తిరిగింది.

"మీరు పక్కనే ఉన్నారుగా. చూశారా?"

"లేదండీ. నేను గమనించలేదు."

అన్నయ్య తల దించుకున్నాడు. ఆమె ఆయన్ని చూసింది, నన్ను చూసింది.

పలకను మైక్రోస్కోపు కింద నుంచి తీసి పక్కన పెట్టింది. "కడగొచ్చు, వేడి చెయ్యొచ్చు. కానీ ఇందులో నీళ్ళు కనిపిస్తే అవి చంద్రుడివో మీవో నాకెప్పటికీ తెలీదు. రాయి వయసు లెక్కకట్టడానికి మాత్రం పనికొస్తుంది." ఇప్పుడు అరుస్తుందని నేను కాచుకుని కూర్చున్నాను. ఆమె పెట్టె తెరిచి రెండో ముక్క ఆయన ముందు పెట్టింది.

"ఇది కూడా మీరే చెయ్యండి. మూతికి గుడ్డ కట్టుకోండి."

"నా వల్ల కాదు మేడమ్. చెయ్యి వణుకుతోంది."

"వణకనివ్వండి. ఏదైనా పొరపాటైతే మీరు నాకు చెప్తారు." తర్వాత నాతో, కోపమేమీ లేకుండానే, "మీరు బయట కూర్చోండి" అంది.

వెళ్ళి వరండాలో బల్ల మీద కూర్చున్నాను. నేను అబద్ధమాడింది అన్నయ్య కోసం. లేచి వచ్చి నా మొహం మీద తలుపు వేసింది కూడా అన్నయ్యే.