కోల్డ్ రూంలో చలికాలం

ఉదయం ఆరూ పదికి కంపెనీ బస్సు ఎక్కాను. 2020 డిసెంబరు. మనిషికీ మనిషికీ మధ్య ఒక సీటు ఖాళీ ఉండాలని ఎర్ర టేపుతో అడ్డగుర్తులు వేసిన రోజులవి. అలా వదిలిన పక్క సీటులో కుండీ పెట్టి, పడిపోకుండా చేత్తో పట్టుకున్నాను. అందులో జానెడున్నర ఎత్తు చెట్టు. ఒక్క ఆకు లేదు.

వెనక సీటులోంచి కడపాయన ముందుకు వంగాడు. దుబాయ్ అల్ ఖూజ్‌లోని మా కోల్డ్ స్టోర్‌లో గదులు చూసుకునేది ఆయన. ఏ సరుకు ఏ గదిలోకి వెళ్లాలో రాసేది నేను.

"ఏంన్నా, దీనికి గూడా డ్యూటీ పడిందా?"

"ఆరు వారాలు."

"ఎండుకట్టెకు ఆరు వారాల డ్యూటీనా? వదిన పంపిందా?"

"ఆవిడే."

"అయితే ఖలాస్. ఇంక మనం మాట్లాడేదేం లేదు."

అది ఆప్రికాట్ చెట్టు. పండు కోసం కాక పువ్వు కోసం పెంచే జాతి. సత్వాలో మా పై అంతస్తులో ఉండిన చైనా ఆవిడ, ఉద్యోగం పోయి తన దేశం వెళ్లిపోతూ మా ఆవిడకు ఇచ్చింది. ఆకులు రాకముందే బోడి కొమ్మల మీద పూస్తుందనీ, అయితే కొన్ని వారాలు గట్టి చలి తగలకపోతే మొగ్గ విచ్చదనీ చెప్పిందట. దుబాయ్‌లో అంత చలి ఎక్కణ్ణించి తెస్తావన్నాను. మా ఆవిడ నవ్వింది.

"మీ ఆఫీసు నిండా చలేగదండీ. ఇన్నేళ్లూ మే నెలలో స్వెట్టర్లు ఉతుకుతున్నది అందుకేగా."

అలా మొదలైంది. నవంబరు చివర ఆవిడ బాల్కనీలో కూర్చుని, చెట్టు చలికి నిద్రపోవాలని ఆకులు ఒక్కొక్కటే తుంచేసేది. నేను కుండీని తీసుకెళ్లి ఆకుకూరల గదిలో, కొత్తిమీర పెట్టెల వెనక పెట్టేవాణ్ణి. జనవరిలో తిరిగి తెచ్చేవాణ్ణి. పది రోజులకు పూసేది. తెల్లటి పువ్వులు, అంచున కొంచెం గులాబీ రంగు. ఆవిడ ఎదురుగా కుర్చీ వేసుకుని కాఫీ తాగేది. పువ్వుల గురించి ఏమీ అనేది కాదు. రెండేళ్లు అలా గడిచాయి.

2022 సెప్టెంబరులో ఆవిడ పోయింది. ఆ వివరాలు రాయను. చెట్టు గురించి ఒక్కటి చెప్పాలి. చలికాలంలో విచ్చే మొగ్గ, ఎండాకాలంలోనే ఆకు మొదట్లో తయారవుతుంది. ఆ ఎండాకాలమంతా, లేచి నిలబడే ఓపిక లేని రోజుల్లో కూడా, ఆవిడ గోడ పట్టుకుని వెళ్లి పూటపూటా దానికి నీళ్లు పోసింది. మంచం మీంచే ఏ చిగురు గిల్లాలో నాకు చెప్పింది. నవంబరులో నేను ఆకులు తుంచినప్పుడు ప్రతి ఆకు కిందా మొగ్గ ఉంది. అవి ఆవిడ పెంచినవి. ఆ చలికాలం నేను కోరుకున్నది ఒక్కటే, అవి విచ్చుకోవాలని.

ఆ ఏడాది ఆకుకూరల గది మెషిన్ పాడై మరమ్మతులో ఉంది. కడపాయన సెలవు మీద ఊరెళ్లాడు. పక్క గదిలో చోటుంది, తలుపు పక్కన మీటరు అదే నాలుగు డిగ్రీలు చూపిస్తోంది. అట్టపెట్టెల మధ్య చోటు చేసి కుండీ అక్కడ పెట్టాను. వారానికోసారి వెళ్లి గ్లాసుడు నీళ్లు పోశాను. అయిదో వారం వెళ్లేసరికి మట్టి మీద మొగ్గలు రాలి ఉన్నాయి. ఫ్యాను గాలికేమో అనుకున్నాను. కొమ్మ మీదున్న మొగ్గను వేలితో తాకితే అదీ రాలింది.

ఊరినుంచి వచ్చిన కడపాయన్ని తీసుకెళ్లి చూపించాను.

"ఈడ పెట్టినావా? ఆపిల్ రూంలోనా?" అన్నాడు. "ఆపిల్ గాలి తగిలితే కొత్తిమీరే పసుపెక్కిపోతాదే. రెండూ ఒక గదిలో పెట్టొద్దని కాగితం రాసి తలుపుకు అంటించింది నువ్వేగదన్నా."

నిజమే. ఆ కాగితం ఇంకా తలుపు మీద ఉంది. చేతిరాత నాదే. ఆపిల్ పండ్ల నుంచి వచ్చే వాయువుకు ఆకులు పండిపోతాయి, మొగ్గలు రాలిపోతాయి. పదేళ్లకు పైగా సరుకు విషయంలో ఇది పాటించాను. కుండీని మీటరు చూసి పెట్టాను, గది చూడలేదు. అది సరుకు కాదు, ఆవిడ చెట్టు. ఆ నియమం దానికీ వర్తిస్తుందని తోచలేదు.

కడపాయన గోటితో కొమ్మ మీద చిన్నగా గీకి చూశాడు. లోపల పచ్చగా ఉంది.

"చెట్టు బతికే ఉందిన్నా. వచ్చే ఏడు పూస్తాదిలే."

"వచ్చే ఏటివి ఆవిడవి కావు."

కుండీ ఆయనే మోసి బస్సు దాకా తెచ్చాడు.

మరుసటి ఎండాకాలం ఆవిడ చేసినట్టే అన్నీ చేశాను. మొగ్గలు వచ్చాయి. ఈసారి ఆకుకూరల గదిలోనే పెట్టాను. ఫిబ్రవరి మొదట్లో పని నుంచి వచ్చేసరికి పూసి ఉంది. అవే తెల్లటి పువ్వులు, వాటిలో ఏ లోపమూ లేదు. కాసేపు నిలబడి చూశాను. ఎవరికీ ఫోన్ చేయాలనిపించలేదు. లోపలికి వెళ్లి బియ్యం కడిగాను.

చెట్టు ఇప్పుడు బాల్కనీలోనే ఉంది. ఆకులు వాటంతటవి రాలతాయి, వాటంతటవి వస్తాయి. నీళ్లు పోస్తున్నాను. డిసెంబరులో దాన్ని కోల్డ్ స్టోర్‌కు తీసుకెళ్లడం లేదు.