టీకొట్టు ఆటలో మొదటి గ్లాసు

రెండువేల దశకంలో, బెంగళూరు స్నేహితురాలు తాను తయారుచేసిన కంప్యూటర్ ఆటను సీడీలో ఇచ్చి, ఆడి ఎలా ఉందో రాయమంది. అదొక టీకొట్టు ఆట. కెటిల్లోని టీని బొమ్మ మనుషులందరికీ సరిగ్గా సర్దాలి. చుక్క ఒలికినా ఓటమే. హిందూపురంలో మా ఇంట్లో కూర్చుని ఎన్నిసార్లు ఆడినా ఓడిపోయాను. నా చెయ్యి మొదటి గ్లాసు టీని ఆటలోని రోడ్డు మీద పోసేసేది.

పెనుకొండలో మా నాయన పొద్దున్నే టీకొట్టు తెరవగానే అదే చేసేవాడు. ఎవరికని అడిగితే, "మనకు కనపడనోళ్లు ఉండారు కదమ్మా. ముందు వాళ్లు తాగల్ల," అనేవాడు.

"పిసినారి ఆట. ఇందులో ఒక గ్లాసు తక్కువుంది," అని కోపంగా రాసి పంపాను.

ఆ తర్వాత కూడా ఆడాను. ఓడిపోతానని తెలిసే మొదటి గ్లాసు నేలమీద పోశాను. నాయన పోయి అప్పటికి మూడు నెలలు.